జీవశాస్త్ర పరిశోధన నుంచి డేటా సైన్స్‌లోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పరిశోధనా సంస్థలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నవారు, పూర్తిచేసి విదేశాల్లో పోస్ట్‌డాక్‌లుగా (పీహెచ్‌డీ తరువాతి తాత్కాలిక పరిశోధకులుగా) ఉన్నవారు డేటా సైన్స్ వైపు రావాలనుకున్నప్పుడు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాను. నేనూ ఈ దారిలోనే వచ్చాను. ఇప్పుడు డేటా బృందంలోకి కొత్తవారిని ఎంపికచేసే పనిలో కూడా పాలుపంచుకుంటున్నాను కనుక రెండు వైపులా చూసిన విషయాలనే చెబుతున్నాను.

పదో తరగతితోనే గణితం వదిలేసి బైపీసీలో చేరినవారికి ఇది సాధ్యమేనా?

సాధ్యమే. గణాంకశాస్త్రం పెరిగింది చాలావరకు జీవశాస్త్రపు కొలతల మధ్యనే. రోనాల్డ్ ఫిషర్ 1919లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో చేరి, అక్కడి పొలాల్లో దశాబ్దాలుగా పోగుపడిన పంట దిగుబడుల లెక్కలను విశ్లేషించే క్రమంలోనే ప్రయోగ రచనకు, వేరియన్స్ విశ్లేషణకు రూపమిచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జికి వెళ్లింది సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికే. అక్కడే ఫిషర్ పర్యవేక్షణలో 1948లో డాక్టరేటు అందుకున్నారు. గణాంక విశ్లేషణకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషను సృష్టించిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ జెంటిల్‌మన్ ఆ తరువాత జన్యు డేటా విశ్లేషణ కోసం 2001లో బయోకండక్టర్ ప్రాజెక్టును ఆరంభించాడు. వీరు గణితం నుంచి జీవశాస్త్రం వైపు నడిచారు, మీరు ఎదురు దిశలో వస్తున్నారు. దారి మాత్రం అదే.

అయితే, గణితం లేకుండానే నెట్టుకురావచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మాత్రికలు, అవకలనం, సంభావ్యత అనే మూడింటినీ ఎంపీసీ విద్యార్థి ఇంటర్మీడియట్‌లో చదివినంత లోతులో మొదలుపెట్టి నేర్చుకోవలసిందే. దీనికి సిగ్గుపడవలసిన పని లేదు. తెలుగు అకాడమీ ఇంటర్ గణితం పుస్తకాలు ముందు పెట్టుకుని మొదలుపెట్టినా మంచిదే.

డేటా సైన్స్ అంటే ఒకే ఉద్యోగమా?

కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది తమకు సరిపడని ఉద్యోగాలకు దరఖాస్తు చేసి నిరుత్సాహపడుతున్నారు. డేటా అనలిస్టు పని ప్రధానంగా సంస్థ డేటాబేసుల నుంచి సమాచారం తీసి, నిర్ణయం తీసుకునేవారికి అర్థమయ్యేలా చూపడం. డేటా సైంటిస్టు దానికి తోడు ప్రయోగాలు రూపొందిస్తారు, అంచనా నమూనాలు (మోడళ్లు) కడతారు. మెషీన్ లెర్నింగ్ (డేటా నుంచి కంప్యూటరు నేర్చుకునే పద్ధతి) ఇంజినీరు ఆ మోడళ్లను లక్షలమంది వాడే వ్యవస్థలో నిలబెడతారు కాబట్టి అది సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌కు దగ్గరైన పని. వీటికి పక్కనే జన్యు డేటాను విశ్లేషించే బయోఇన్ఫర్మేటిషియన్, వైద్య పరిశోధనల గణాంకాలు చూసే బయోస్టాటిస్టీషియన్, క్లినికల్ ట్రయల్స్ డేటాను నియంత్రణ సంస్థలకు సమర్పించే రూపంలోకి తెచ్చే స్టాటిస్టికల్ ప్రోగ్రామర్ ఉద్యోగాలు ఉన్నాయి. ఈ చివరిదానికి హైదరాబాద్‌లో, బెంగళూరులో మంచి గిరాకీ ఉంది. కానీ అందులో శాస్ అనే సాఫ్ట్‌వేర్, ట్రయల్ డేటాను అమర్చే సీడిస్క్ ప్రమాణాలు తెలిసి ఉండాలి. పైథాన్ ఎంత వచ్చినా వాటికి బదులు కాదు.

బయోఇన్ఫర్మేటిక్స్‌లోనే ఉండాలా, జీవశాస్త్రంతో సంబంధంలేని రంగానికి వెళ్లాలా?

మొదటి ఉద్యోగానికి జీవశాస్త్రం దగ్గరి రంగాన్నే ఎంచుకోమని నా సలహా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. బ్యాంకులో మోసాలను పసిగట్టే ఉద్యోగానికి మీరు దరఖాస్తు చేస్తే, కంప్యూటర్ సైన్స్ పట్టభద్రులతో వారి బలం ఉన్న చోట పోటీపడుతున్నట్టు. జన్యు పరీక్షల సంస్థలోనో, ఔషధ సంస్థలోనో, ఆసుపత్రి డేటా విశ్లేషించే సంస్థలోనో అయితే, పీసీఆర్ పరీక్షలో ఒక సీటీ విలువ తేడా అంటే మూల నమూనాలో సుమారు రెండింతల తేడా అని ఎవరూ చెప్పకుండానే తెలిసిన మనిషిగా మీకు విలువ ఉంటుంది. రెండు మూడేళ్లు గడిచాక మీ రెజ్యూమేలో డేటా సైంటిస్టు అన్న మాట చేరుతుంది. అప్పుడు రంగం మారడం ఇప్పటికంటే చాలా తేలిక.

ఏమేమి నేర్చుకోవాలి? ఏ వరుసలో?

ముందు ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేసు నుంచి సమాచారం అడిగి తీసుకునే భాష. జీవశాస్త్రం నుంచి వచ్చిన అభ్యర్థులు తడబడేది మెషీన్ లెర్నింగ్‌లో అనుకుంటారు గానీ, నేను చూసినంతలో ఎక్కువమంది ఆగిపోయేది ఎస్‌క్యూఎల్ దగ్గరే. ల్యాబ్‌లో మన డేటా ఒక ఎక్సెల్ షీటులోనో సీఎస్‌వీ ఫైలులోనో ఉంటుంది కాబట్టి పది పట్టికలను కలిపి ఒక ప్రశ్నకు జవాబు రాబట్టే అవసరమే రాదు. పట్టికలను కలిపే జాయిన్లు, వరుసలను గుంపులుగా లెక్కించే గ్రూప్ బై, సంబంధిత వరుసలన్నిటినీ చూస్తూ లెక్కించే విండో ఫంక్షన్లు చూడకుండా రాసేంత వరకు సాధన చేయాలి.

తరువాత పైథాన్‌లో పట్టికలతో పనిచేసే పాండాస్, మెషీన్ లెర్నింగ్‌కు వాడే సైకిట్‌లెర్న్; వాటితోపాటు కోడులో మార్పులను భద్రపరిచే గిట్, లినక్స్ కమాండ్ లైన్. సీక్వెన్సింగ్ డేటాను సర్వర్‌లో నడిపినవారికి కమాండ్ లైన్ అలవాటే ఉంటుంది. డీప్ లెర్నింగ్‌ను చివరికి వాయిదా వేయండి. పునాది లేకుండా న్యూరల్ నెట్‌వర్కులతో మొదలుపెట్టి, అవునా కాదా అన్నది అంచనా వేసే లాజిస్టిక్ రిగ్రెషన్‌లో గుణకానికి అర్థం చెప్పలేక ఇంటర్వ్యూలో ఆగిపోయేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

నాకు ఆర్ మాత్రమే వచ్చు. సరిపోతుందా?

ఔషధ రంగంలో, బయోస్టాటిస్టిక్స్‌లో సరిపోతుంది. మిగతా చోట్ల పైథాన్ అడుగుతారు. ఆర్ బాగా వచ్చినవారికి పైథాన్ పట్టుబడటానికి ఎక్కువ కాలం పట్టదు కనుక దీని గురించి బెంగపెట్టుకోనక్కరలేదు.

గణాంకశాస్త్రం ఎంతవరకు రావాలి?

మీకు ఇప్పటికే తెలిసినదాన్ని లోతుగా తెలుసుకోవడంతో మొదలుపెట్టండి. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటాను డీసీక్2 అనే సాఫ్ట్‌వేర్‌లో నడిపినవారు, ఆ సంగతి గుర్తించకపోయినా, నెగటివ్ బైనామియల్ పంపిణీతో సాధారణీకృత రేఖీయ నమూనాను (జనరలైజ్డ్ లీనియర్ మోడల్‌ను) అమర్చినట్టే. 20,000 జన్యువులను పీ విలువకు (నిజమైన తేడా లేకపోయినా కనీసం అంత తేడా కనిపించే సంభావ్యత) 0.05 హద్దు పెట్టి ఒక్కొక్కటిగా పరీక్షిస్తే, నిజమైన తేడా ఒక్కదానిలోనూ లేకపోయినా సుమారు 1,000 జన్యువులు తేడా ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే బెంజమినీ, హాక్‌బర్గ్‌లు 1995లో ప్రతిపాదించిన పద్ధతితో సవరించిన పీ విలువలను చూస్తాం. ఒక వెబ్‌సైటులో ఒకేసారి నలభై మార్పులను పరీక్షించే బృందానికి కూడా సరిగ్గా ఇదే చిక్కు ఎదురవుతుంది. రోగుల మనుగడను చూపే కాప్లాన్-మేయర్ వక్రరేఖతోనే, చందాదారులు ఎన్ని నెలలకు సేవను వదిలిపోతున్నారో కూడా లెక్కిస్తారు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫలితాన్ని పేపర్లో పెట్టి ముందుకు సాగిపోయిన ప్రతి చోటికీ మళ్లీ వెళ్లి, లోపల ఏం జరిగిందో కాగితం మీద రాసి చూడండి. ఆ ఒక్క పని చేస్తే చాలా కోర్సుల అవసరం తగ్గుతుంది.

ల్యాబ్ అనుభవంలో కంపెనీలకు నిజంగా పనికివచ్చేది ఏమిటి?

ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే తమ దగ్గర ఉన్న విలువైన నైపుణ్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా, లేనిదాని గురించే దిగులుపడేవారు చాలామంది.

పనికివచ్చేది పిపెట్ పట్టడం కాదు, డేటా ఎలా పుట్టిందో అడిగే అలవాటు. ఒక ఉదాహరణ చూడండి. రోగుల నమూనాలన్నిటినీ సోమవారం ఒక కిట్‌తో, ఆరోగ్యవంతుల నమూనాలన్నిటినీ గురువారం మరో లాటు కిట్‌తో సిద్ధంచేసి సీక్వెన్సింగ్‌కు పంపారనుకుందాం. ఒకదానికొకటి పోలిన నమూనాలను దగ్గరగా చూపే ప్రిన్సిపల్ కాంపొనెంట్ పటంలో రెండు గుంపులు చక్కగా విడిపోయి కనిపిస్తాయి, మోడల్ కడితే దాదాపు తప్పులేని ఫలితం వస్తుంది. ఆ విడిపోవడం జబ్బు వల్లనో కిట్ వల్లనో చెప్పే మార్గం మాత్రం ఆ డేటాలో ఇక లేదు. ఏ అల్గారిథమూ దాన్ని విడదీయలేదు. ఇలా వేర్వేరు విడతల్లో సిద్ధంచేయడం వల్ల పుట్టే తేడాను, అంటే బ్యాచ్ ఎఫెక్ట్‌ను, అనుభవించి, నమూనాలను రోజుల మధ్య కలగలిపి పంచడం నేర్చుకున్న మనిషి, రెండు ఆసుపత్రుల నుంచి వచ్చిన ఎక్స్‌రేలను చూడగానే ముందు ఏ యంత్రంతో తీశారని అడుగుతారు. ఆ ప్రశ్న అడగడాన్ని కోర్సులో నేర్పడం కష్టం.

రెండోది, ఏది స్వతంత్రమైన నమూనా అన్న వివేకం. ఒకే ఎలుక కణజాలాన్ని మూడు గుంతల్లో వేసి కొలిస్తే అవి మూడు టెక్నికల్ రెప్లికేట్లే గాని మూడు ఎలుకలు కావని మనకు మొదటి ఏడాదిలోనే నూరిపోస్తారు. కంపెనీల్లో ఇదే పొరపాటు వేరే రూపంలో జరుగుతుంది: ఒకే వినియోగదారుడు యాభైసార్లు పేజీ తెరిస్తే, ఆ యాభైని స్వతంత్రమైన పరిశీలనలుగా లెక్కవేసి, లేని ఖచ్చితత్వాన్ని ప్రకటిస్తారు.

మూడోది, ఫైలును నమ్మకపోవడం. ఎక్సెల్ సాఫ్ట్‌వేర్ సెప్ట్2, మార్చ్1 వంటి జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేసిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పేపర్లలో సుమారు ఐదో వంతులో ఈ తప్పు ఉందని 2016లో ఒక పరిశీలన తేల్చింది. చివరికి జన్యువుల పేర్లు నిర్ణయించే కమిటీయే దిగివచ్చి వాటిని సెప్టిన్2, మార్చ్ఎఫ్1 అని మార్చి, 2020లో కొత్త మార్గదర్శకాలను ప్రచురించింది. ఇలాంటి తప్పులు చెప్పి రావు. ఫైలు తెరవగానే వరుసలు లెక్కపెట్టి, ఖాళీ గళ్లు చూసి, అత్యధిక, అత్యల్ప విలువలను పరిశీలించే అలవాటు మీకుంటే, బృందంలో మీ మాటకు త్వరలోనే విలువ వస్తుంది.

చూపించుకోవడానికి ఎలాంటి ప్రాజెక్టు చేయాలి?

టైటానిక్ ప్రయాణికులు, ఫిషర్ 1936లో వాడిన ఐరిస్ పూల డేటా వద్దు. అవి సాధనకు మంచివే గాని, ఎంపికచేసేవారు వాటిని లెక్కకు మించి చూసి ఉంటారు. మీ రంగంలో అందరికీ అందుబాటులో ఉన్న నిధులున్నాయి: జన్యు వ్యక్తీకరణ డేటా ఉన్న జియో (జీన్ ఎక్స్‌ప్రెషన్ ఆమ్నిబస్), 33 రకాల క్యాన్సర్లకు సంబంధించి 11,000 మందికి పైగా రోగుల సమాచారం ఉన్న టీసీజీఏ (ది క్యాన్సర్ జీనోమ్ అట్లాస్). వాటిలో ఒక ప్రశ్న తీసుకుని, మొదటి నుంచి చివరి వరకు మరొకరు నడిపి చూడగలిగేలా చేయండి.

అక్కడ ఒక ఉచ్చు ఉంది. వంద నమూనాలు, 20,000 జన్యువులు ఉన్నాయనుకోండి. ముందుగా మొత్తం వంద నమూనాల మీద రెండు గుంపుల మధ్య ఎక్కువ తేడా ఉన్న యాభై జన్యువులను ఎంచుకుని, ఆ తరువాత క్రాస్ వాలిడేషన్ (డేటాను భాగాలుగా విడగొట్టి, కొన్నిటితో నేర్పి మిగతాదానితో పరీక్షించడం) చేస్తే, పరీక్షకు దాచవలసిన నమూనాలు జన్యువుల ఎంపికలోనే పాల్గొన్నట్టయింది. నమూనాలకు జబ్బు, ఆరోగ్యం అన్న పేర్లను యాదృచ్ఛికంగా అంటించినా కూడా ఈ పద్ధతిలో అద్భుతమైన ఖచ్చితత్వం వస్తుంది. జన్యువుల ఎంపిక ప్రతి విభజనలోనూ శిక్షణ భాగం మీద మాత్రమే జరగాలి. ఏకకణ సీక్వెన్సింగ్‌లో ఒకే రోగి కణాలు శిక్షణలోనూ పరీక్షలోనూ ఉండటం కూడా ఇదే జాతి తప్పు. మీ ప్రాజెక్టులో ముందు తప్పు పద్ధతి, తరువాత సరైన పద్ధతి చేసి, ఖచ్చితత్వం ఎంత పడిపోయిందో పక్కపక్కన చూపించండి. తొంభై ఎనిమిది శాతం అని గొప్పగా రాసుకున్న ప్రాజెక్టు కంటే దాన్ని నేను ఎంతో గౌరవిస్తాను.

మళ్లీ ఒక డిగ్రీ చేయాలా? శిక్షణ సంస్థలో చేరాలా?

పీహెచ్‌డీ ఉన్నవారికి మరో పూర్తికాలపు డిగ్రీ సాధారణంగా అనవసరం. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీల, ఐఐఎస్సీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. క్రమశిక్షణ కోసం ఒక చట్రం కావాలనుకునేవారికి ఐఐటీ మద్రాసు వారి ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ కోర్సు ఉంది. దానిలో మొదటి దశ వరకే చదివినా గణితం, గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ పునాదులు గట్టిపడతాయి.

అమీర్‌పేటలోనూ, ఆన్‌లైన్‌లోనూ కొన్ని నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అని చెప్పే శిక్షణలు చాలా ఉన్నాయి. నిజాయితీగా బోధించేవారు వాటిలో ఉన్నారు. కానీ లేని ఉద్యోగ అనుభవాన్ని కాగితాల మీద సృష్టించి ఇస్తామని ఎవరైనా అంటే వెంటనే బయటికి రండి. నేపథ్య తనిఖీలో అది బయటపడితే ఉద్యోగం పోతుంది. ఏళ్ల తరబడి నిజాయితీగా చేసిన పరిశోధనను కూడా అనుమానంగా చూస్తారు. మీ ఐదారేళ్ల ల్యాబ్ పనే నిజమైన అనుభవం, దాన్ని దాచి అబద్ధాన్ని ముందు పెట్టుకోవలసిన అవసరం ఏముంది?

పీహెచ్‌డీ మధ్యలో ఉన్నాను. మానేసి వచ్చేయవచ్చా?

మొదటి ఏడాదిలో ఉండి, పరిశోధన మీద ఆసక్తి పూర్తిగా పోయిందని స్పష్టంగా తెలిస్తే మానడంలో తప్పులేదు. నాలుగో ఏడాది దాటి ఉంటే పూర్తిచేయమనే చెబుతాను. డాక్టరేటు ఉంటేనే పిలిచే ఉద్యోగాలు ఔషధ రంగంలో గణనీయంగా ఉన్నాయి. ఖర్చుల విషయానికి వస్తే, 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోకు) నెలకు రూ. 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ రీసెర్చ్ ఫెలోకు) రూ. 42,000, వాటిపై అద్దె భత్యం ఇస్తున్నారు. ఫెలోషిప్ గడువు మొత్తం ఐదేళ్లు. అది ముగిశాక థీసిస్ సమర్పించే వరకు డబ్బు రాని నెలలు ఉంటాయి. ఇంటి బాధ్యతలున్నవారిని ఆ నెలలే కుంగదీస్తాయి. అందుకని నాలుగో ఏడాదిలోనే కొంత పొదుపు చేసుకోవడం, అప్పటికే ఎస్‌క్యూఎల్, పైథాన్ సాధన సాగుతూ ఉండటం అవసరం. ఇంకా మంచి ఉపాయం ఏమిటంటే, థీసిస్‌లో ఒక అధ్యాయాన్నైనా డేటా విశ్లేషణ ప్రధానంగా ఉండేలా మలచుకోవడం.

గైడ్‌కు ఎప్పుడు చెప్పాలి?

సినాప్సిస్ (థీసిస్ సారాంశం) సమర్పణ తేదీ ఖాయమయ్యాక చెప్పడం మేలని నా అభిప్రాయం. చాలామంది గైడ్లు మనం భయపడినంత కోపగించుకోరు. తాము శిక్షణ ఇచ్చిన విద్యార్థి పరిశోధన వదిలిపోతుంటే కొందరికి మనసు కష్టమవుతుంది. దాన్ని అర్థం చేసుకుని, మిగిలిన పేపరును ఎప్పటిలోగా ముగించి ఇస్తారో తేదీతో సహా చెప్పండి. సిఫారసు కోసం రేపు కంపెనీ ఫోన్ చేసేది వారికే.

రెజ్యూమేలో పేపర్లన్నీ రాయాలా?

ముఖ్యమైన రెండో మూడో చాలు. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరు ఎంపికచేసేవారికి అర్థం కాదు. క్షయ క్రిమిలో ఫలానా ప్రోటీన్ పాత్ర అని రాయడానికి బదులు, ఎన్ని నమూనాలు, ఎంత పరిమాణపు డేటా, ఏ ప్రశ్న, ఏ పద్ధతి, దాని వల్ల ఏ నిర్ణయం మారింది అన్నది రాయండి. రెజ్యూమే రెండు పేజీలు దాటకూడదు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

ఎస్‌క్యూఎల్, కొద్దిగా పైథాన్, తరువాత ఆలోచనను పరీక్షించే ప్రశ్నలు. ఒకటి నమూనాగా చూద్దాం. వెయ్యి మందిలో ఒకరికి ఉండే జబ్బుకు ఒక పరీక్ష ఉంది. జబ్బున్నవారిలో 99 శాతాన్ని అది పట్టుకుంటుంది, లేనివారిలో 95 శాతానికి లేదనే చెబుతుంది. ఒకరికి పాజిటివ్ వస్తే నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? లక్షమందిని తీసుకోండి. జబ్బున్నవారు 100 మంది, వారిలో 99 మందికి పాజిటివ్. లేనివారు 99,900 మంది, వారిలో ఐదు శాతం, అంటే 4,995 మందికి కూడా పాజిటివే. మొత్తం 5,094 పాజిటివ్‌లలో నిజమైనవి 99, అంటే రెండు శాతం కూడా లేదు. కోవిడ్ కాలంలో పరీక్షలు నడిపిన జీవశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు జంకవలసిన పని లేదు. అయినా సూత్రాన్ని గుర్తుచేసుకునే ప్రయత్నంలో చాలామంది తడబడతారు. ఇలా మనుషుల సంఖ్యలుగా మార్చుకుని పైకి చెబుతూ లెక్కించండి.

ఇక రెండో రకం ప్రశ్న: మూడు రోజుల్లో ఏం చేయగలరు? ఆరు నెలలు ఇస్తే అద్భుతంగా చేస్తానన్న జవాబు అక్కడ చెల్లదు. సంపూర్ణంగా కాకపోయినా నిర్ణయానికి సరిపడేంత జవాబు ఇచ్చి, దాని పరిమితులేమిటో చెప్పగలగడం మనం కొత్తగా అలవాటు చేసుకోవలసిన విషయం.

అమెరికాలో పోస్ట్‌డాక్‌గా ఉన్నాను. వీసా సంగతి ఏమిటి?

విశ్వవిద్యాలయాలకు, వాటికి అనుబంధమైన లాభాపేక్షలేని పరిశోధనా సంస్థలకు హెచ్1బీ ఉద్యోగ వీసాల సంఖ్యా పరిమితి వర్తించదు. ప్రైవేటు కంపెనీలకు వర్తిస్తుంది. ఏటా 65,000, అమెరికాలో పైచదువులు చదివినవారికి మరో 20,000 వీసాల కోసం లాటరీ పడుతుంది. అంటే విశ్వవిద్యాలయంలో హెచ్1బీ మీద ఉన్నంత మాత్రాన ప్రైవేటు కంపెనీకి సులువుగా మారిపోలేరు. అప్పటిదాకా ఆ పరిమితి లెక్కలోకి రానివారు లాటరీలో నిలబడవలసిందే. అక్కడే స్టెమ్ డిగ్రీ పొందినవారికి ఓపీటీ (చదువు తరువాత పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) కింద మొత్తం 36 నెలల వరకు పనిచేసే వీలుంది కాబట్టి, ఆ గడువును పోస్ట్‌డాక్‌లో ఖర్చుచేసే ముందు రెండుసార్లు ఆలోచించండి. జె1 (పరిశోధకులు, విద్యార్థుల మార్పిడి వీసా) మీద ఉన్నవారు తమకు రెండేళ్ల స్వదేశ నివాస నిబంధన వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి. ఈ నియమాలు తరచు మారుతున్నాయి గనుక ఉద్యోగం ఒప్పుకునే ముందు వలస చట్టాల న్యాయవాదిని సంప్రదించి తీరాలి.

కృత్రిమ మేధ కోడు రాసేస్తున్నప్పుడు ఈ ఉద్యోగాలు మిగులుతాయా?

కోడు రాయడం మాత్రమే వచ్చినవారి పని తగ్గుతుందన్నది నిజమే. ప్రోటీన్ల ఆకృతిని ఊహించే ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ సాధనాన్ని రూపొందించినవారికి 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. అది నేర్చుకున్నది మాత్రం 1971లో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంకులో, ఎక్స్‌రే స్ఫటికశాస్త్రజ్ఞులు ఒక్కొక్క నిర్మాణాన్ని శ్రమించి చేర్చిన సంపద నుంచి. ఏ డేటా సేకరించాలి, ఏది నమ్మాలి, ఫలితాన్ని ఏ ప్రయోగంతో నిర్ధారించాలి అన్నవి తెలిసినవారి అవసరం పెరుగుతుందనే నేను నమ్ముతున్నాను. కోడు రాయడానికి ఆ సాధనాలను వాడండి, కానీ అవి రాసిన ప్రతి జాయిన్ తరువాత వరుసల సంఖ్య సరిపోయిందో లేదో మీరే చూసుకోండి.

నచ్చకపోతే మళ్లీ పరిశోధనలోకి తిరిగి రావచ్చా?

అధ్యాపక ఉద్యోగానికి తిరిగి రావడం కష్టం, ఎందుకంటే అక్కడ పేపర్ల వరుసలో ఖాళీ ఏళ్లను చూస్తారు. పరిశోధనా సంస్థల్లో డేటా విశ్లేషకులుగా రావడం మాత్రం సాధ్యమే. పదివేల మంది భారతీయుల జన్యుక్రమాలను చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు డేటా ఫరీదాబాద్‌లోని భారత జీవ డేటా కేంద్రంలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. దాన్ని చదవడానికి జీవశాస్త్రం, గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ మూడూ తెలిసినవారు కావాలి.